తీర ప్రాంతాలలో అవుట్‌లెట్ మాల్స్ – విజయావకాశాలు, పరిమితులు

(ప్రత్యేక వ్యాసం)

చేపల వేటపై రాబడి తగ్గి, పాత పరిశ్రమలు మూతపడి, యువత ఉపాధి నిమిత్తం దూర ప్రాంతాలకు తరలిపోతున్న తీర పట్టణాలు ప్రపంచమంతటా కలవు. అటువంటి పట్టణాలకు పునర్జీవం కల్పించే మార్గాలలో ఒకటిగా అవుట్‌లెట్ మాల్ నిర్మాణం గత నాలుగు దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్నది. పేరుపొందిన కంపెనీల వస్తువులు తగ్గింపు ధరకు ఒకేచోట లభించినట్లయితే కొనుగోలుదారులు వస్తారని, వారి వెంట హోటళ్లు, రవాణా, ఉపాధి వస్తాయని దీనిని ప్రతిపాదించేవారి వాదన. ఈ వాదనలో వాస్తవం ఎంత? ఏ పరిస్థితులలో ఈ మాల్స్ నిలదొక్కుకున్నవి, ఏ పరిస్థితులలో నిలువలేకపోయినవి? ప్రభుత్వ భూమి, రహదారులు, పన్ను రాయితీలు ఇటువంటి నిర్మాణాలకు అవసరమవుతున్నందున ఈ ప్రశ్న వర్తకులకు మాత్రమే గాక సామాన్య ప్రజలకు కూడా సంబంధించినది.

అవుట్‌లెట్ మాల్ అనగా నేమి?

మిల్లులలో, కర్మాగారాలలో మిగిలిపోయిన సరుకును, స్వల్ప లోపాలు గల సరుకును, గడచిన సీజనుకు చెందిన సరుకును ఉత్పత్తిదారులే నేరుగా తక్కువ ధరకు విక్రయించే దుకాణం ఫ్యాక్టరీ అవుట్‌లెట్. ఇటువంటి దుకాణాలను అనేకంగా ఒకే ఆవరణలో చేర్చినప్పుడు అది అవుట్‌లెట్ మాల్ అగుచున్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెడింగ్ అనే వస్త్ర పరిశ్రమ పట్టణం 1970వ దశకంలో ఈ వ్యాపారానికి పుట్టినిల్లుగా పేరు పొందినది. అచ్చటి అల్లిక మిల్లుల భవనాలే దుకాణాలుగా మారినవి. 1981లో నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్‌లో స్టాన్లీ టాంగర్ ప్రారంభించిన సముదాయంతో ఇది ప్రత్యేక వ్యాపార రంగంగా రూపుదిద్దుకున్నది.

ఈ వ్యాపారానికి ఒక ప్రత్యేక నియమం కలదు. నగరంలో పూర్తి ధరకు అమ్మే దుకాణాలకు నష్టం కలుగకుండా ఉండేందుకు కంపెనీలు తమ అవుట్‌లెట్లను నగరానికి దూరంగా నెలకొల్పుతాయి. రెండు నగరాల మధ్య గల రహదారి కూడలి, లేదా యాత్రికులు విరివిగా వచ్చే స్థలం ఇందుకు అనువైనది. భూమి చౌకగా లభించవలెను, వాహనాలు నిలుపుటకు విశాలమైన స్థలం ఉండవలెను. వెనుకబడిన తీర పట్టణాలు ఈ దృష్టిలోకి రావడానికి కారణం ఇదే. అచ్చట భూమి చౌక, సముద్రం సహజ ఆకర్షణ, స్థానిక సంస్థలు రాయితీలు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటాయి.

అయితే కాలక్రమంలో ఈ వ్యాపార స్వరూపం మారినది. మిగిలిన సరుకు మాత్రమే అమ్మినచో దుకాణాలు నిండవు. అందువలన అనేక కంపెనీలు అవుట్‌లెట్ల కొరకే ప్రత్యేకంగా, కొంత తక్కువ నాణ్యతతో, సరుకు తయారు చేయించడం ఆరంభించినవి. ఆ సరుకుపై ముద్రించే అసలు ధర కొనుగోలుదారులను తప్పుదారి పట్టిస్తున్నదని 2014లో అమెరికా చట్టసభల సభ్యులు నలుగురు అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ వ్రాసినారు. ధరపై నమ్మకమే ఈ మాల్స్‌కు మూలధనం. ఆ నమ్మకం సడలినచో దూరం నుండి వచ్చే కొనుగోలుదారుడు రెండవసారి రాడు.

అట్లాంటిక్ సిటీ అనుభవం

ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటకు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో అట్లాంటిక్ మహాసముద్ర తీరాన గల అట్లాంటిక్ సిటీ తగిన ఉదాహరణ. 1854లో రైలు మార్గంతో పాటు ఏర్పడిన ఈ పట్టణం వేసవి విడిదిగా ప్రసిద్ధి చెందినది. సముద్రతీరం వెంట చెక్కలతో నిర్మించిన విహార మార్గం 1870లో ఇచ్చట వెలసినది. 1930లో పట్టణ జనాభా 66,198. విమాన ప్రయాణం సులభమై ప్రజలు ఇతర విడిది స్థలాలకు వెళ్లడం మొదలైన తరువాత పట్టణం క్షీణించినది. 2020 జనాభా లెక్కల ప్రకారం అచ్చట నివసించేవారు 38,497 మంది మాత్రమే.

క్షీణతను ఆపుటకు 1976లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా కాసినోలకు అనుమతి ఇవ్వడం జరిగినది. తొలి కాసినో 1978 మే 26న ప్రారంభమైనది. కాసినోల ఆదాయంలో 1.25 శాతం పట్టణాభివృద్ధికి వినియోగించే నిమిత్తం 1984లో ఒక ప్రత్యేక ప్రాధికార సంస్థ కూడా ఏర్పాటైనది. 2006లో కాసినోల ఆదాయం 520 కోట్ల డాలర్లతో శిఖర స్థాయికి చేరినది. అదే సంవత్సరం చివర పొరుగు రాష్ట్రమైన పెన్సిల్వేనియాలో కూడా కాసినోలు తెరువబడినవి. అప్పటి నుండి పతనం ఆరంభమై, 2015 నాటికి ఆదాయం సగానికి పడిపోయినది. 2014 ఒక్క సంవత్సరంలోనే పన్నెండు కాసినోలలో నాలుగు మూతపడి వేల సంఖ్యలో ఉద్యోగాలు పోయినవి. 2016 నవంబరులో పట్టణ ఆర్థిక వ్యవహారాలను న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకున్నది.

ఈ నేపథ్యంలో అచ్చటి రెండు వాణిజ్య సముదాయాల చరిత్ర గమనించదగినది.

మొదటిది ‘ది వాక్’ అనే అవుట్‌లెట్ సముదాయం. బాల్టిమోర్‌కు చెందిన కార్డిష్ సంస్థ దీనిని 2003లో ప్రారంభించినది. ఎక్స్‌ప్రెస్ హైవే పట్టణంలో ప్రవేశించే చోట, రైల్వే స్టేషనుకు, సమావేశ మందిరానికి సమీపంలో, అక్కడి నుండి కాసినోల వైపు సాగే వీధుల వెంట ఇది నిర్మితమైనది. నాలుగు గోడల మధ్య గాక వీధి దుకాణాల రూపంలో ఉండుట దీని ప్రత్యేకత. పట్టణానికి వచ్చే యాత్రికుడు నడచి వెళ్లే దారిలోనే దుకాణాలు ఎదురవుతాయి. న్యూజెర్సీలో సాధారణ వస్త్రాలపై అమ్మకపు పన్ను లేకపోవడం మరొక అనుకూలత. క్రమంగా విస్తరించి సుమారు 4.9 లక్షల చదరపు అడుగులకు చేరిన ఈ సముదాయాన్ని 2011లో టాంగర్ సంస్థ కొనుగోలు చేసినది. కాసినోలు వరుసగా మూతపడిన 2014లో కూడా ఇది మూతపడలేదు.

రెండవది సముద్రంలోకి చొచ్చుకొని ఉండే పాత వంతెనపై 2006లో ప్రారంభమైన ‘ది పియర్ షాప్స్’. సుమారు 20 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన ఈ భవనంలో సంపన్నులు కొనుగోలు చేసే ఐరోపా బ్రాండ్ల దుకాణాలు కొలువుదీరినవి. కాసినోల ఆదాయం శిఖరాన ఉన్న సంవత్సరమే దీనికి జన్మ సంవత్సరం. ఆదాయం తగ్గగానే ఖరీదైన దుకాణాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోయినవి. 2014లో ఈ భవనం 27 లక్షల డాలర్లకు చేతులు మారినది. అనగా పెట్టిన పెట్టుబడిలో నూటికి ఒకటిన్నర వంతు కూడా తిరిగి రాలేదు.

ఒకే పట్టణం, అదే సముద్రం, ఆ యాత్రికులే. ఒకటి నిలిచినది, మరొకటి నిలువలేదు. సామాన్య యాత్రికుని కొనుగోలు శక్తికి తగిన సరుకు, అతడు నడచే దారిలోనే దుకాణం ఉండుట మొదటిదానికి బలమైనవి. మంచి రోజులు కొనసాగుతాయన్న అంచనాపై ఆధారపడుట రెండవదానికి బలహీనత అయినది.

అయితే ఇంతటితో అట్లాంటిక్ సిటీ కథను విజయగాథగా పరిగణించలేము. అవుట్‌లెట్ సముదాయం నిలిచినప్పటికీ పట్టణ ప్రజల స్థితిగతులు మెరుగుపడలేదు. జనాభాలో సుమారు మూడవ వంతు దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నారు. పేరుపొందిన బూట్లు, దుస్తులు తగ్గింపు ధరకు లభించే ఆ పట్టణంలో నివాసులకు కూరగాయలు, పాలు, ఆహార ధాన్యాలు ఒకేచోట లభించే పెద్ద సూపర్‌మార్కెట్ కరువైనది. 2021 నవంబరులో ప్రభుత్వ సహాయంతో అటువంటి దుకాణానికి శంకుస్థాపన జరిగినప్పటికీ ఆ ప్రతిపాదన తదుపరి ఆగిపోయినది. యాత్రికుని కొరకు నిర్మించిన మార్కెట్, నివాసి అవసరాన్ని తీర్చే మార్కెట్ వేర్వేరని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

అవుట్‌లెట్లకు పుట్టినిల్లైన రెడింగ్ పట్టణం గురించి కూడా ఇచ్చట చెప్పుకొనవలెను. 65,000కు మించిన జనాభా గల అమెరికా నగరాలలో పేదరికం శాతం అత్యధికంగా ఉన్నది రెడింగ్‌లోనేనని 2011లో వెలువడిన గణాంకాలు తెలిపినవి. ఆ శాతం 41.3. దుకాణాలకు బస్సులు వచ్చినవి, వెళ్లినవి. మిల్లులు మూతపడి పోయిన ఉద్యోగాలకు దుకాణాలు ప్రత్యామ్నాయం కాలేకపోయినవి.

బ్రిటన్ తీరంలో రెండు రేవులు

ఇంగ్లండు వాయవ్య తీరంలోని ఫ్లీట్‌వుడ్ ఒకనాడు పెద్ద చేపల రేవు. ఐస్‌లాండ్ తన సముద్ర జలాల పరిధిని 200 నాటికల్ మైళ్లకు విస్తరించుకొనుటతో చెలరేగిన వివాదం 1976లో ముగిసేనాటికి, దూర సముద్రపు వేటపై ఆధారపడిన ఫ్లీట్‌వుడ్ బ్రతుకుతెరువు కోల్పోయినది. అంతకు ముందే, 1970లో, పట్టణానికి ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. 1995లో పాడుబడిన రేవు ప్రాంతంలో ‘ఫ్రీపోర్ట్’ పేరిట అవుట్‌లెట్ గ్రామం వెలసినది. పొరుగున ఉన్న బ్లాక్‌పూల్ విహార కేంద్రానికి వచ్చేవారు ట్రాము ఎక్కి ఇచ్చటికి రావడం దీనికి ఆధారం. పాడుబడిన రేవు శుభ్రపడినది, పడవల విశ్రాంతి స్థలం, గృహాలు ఏర్పడినవి. ఇది మేలే. కాని పట్టణం ద్వీపకల్పపు చివరన ఉన్నది. దానిని దాటి మరొక ఊరికి పోయే దారి లేదు. పనికట్టుకొని వచ్చేవారే తప్ప దారిలో ఆగేవారు ఉండరు. అందువలన ఫ్లీట్‌వుడ్ వెనుకబాటు నుండి బయటపడలేదు.

ఇందుకు భిన్నంగా దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మౌత్‌లో, నౌకాదళం ఖాళీ చేసిన స్థలంలో 2001లో ప్రారంభమైన ‘గన్‌వార్ఫ్ కీస్’ విజయవంతమైనది. ఇచ్చట రైల్వే స్టేషను కాలినడక దూరంలో ఉన్నది. వైట్ ద్వీపానికి పోయే పడవలు పక్కనే బయలుదేరుతాయి. చారిత్రక యుద్ధనౌకల ప్రదర్శనశాల చేరువలో ఉన్నది. 2005లో 170 మీటర్ల ఎత్తు గల స్పిన్నకర్ టవర్ తోడైనది. అన్నింటికి మించి రెండు లక్షలకు పైగా జనాభా గల నగరం, విశ్వవిద్యాలయం వెనుక ఉన్నవి. వేసవి యాత్రికుడు రాని నెలలలో కూడా నగరవాసి వస్తాడు.

ఈ రెండు రేవుల మధ్య వ్యత్యాసం అవుట్‌లెట్ మాల్‌కు సంబంధించిన ప్రధాన సూత్రాన్ని స్పష్టం చేస్తున్నది. మాల్ జనాన్ని పుట్టించదు. వచ్చే జనాన్ని ఆపి, మరి కొంతసేపు ఉంచి, మరి కొంత ఖర్చు చేయించగలదు.

అద్దెల లెక్క

తీర పట్టణాలలో మరొక చిక్కు సీజను. సందర్శకుల రద్దీ సంవత్సరంలో కొన్ని నెలలకే పరిమితం. అద్దె మాత్రం పన్నెండు నెలలకు చెల్లించవలెను. నాలుగు నెలల విక్రయాలపై ఏడాది అద్దె, జీతాలు, విద్యుత్తు భరించగల దుకాణాలు పెద్ద కంపెనీలవే. స్థానిక చిన్న వర్తకునికి ఆ శక్తి ఉండదు. అందువలన స్థిర అద్దెను తక్కువగా ఉంచి, విక్రయాలలో కొంత శాతాన్ని వాటాగా స్వీకరించే పద్ధతి మాల్స్ నిర్వహణలో వాడుకలో ఉన్నది. సీజను బలంగా ఉండే తీర ప్రాంతాలలో ఈ వాటా పద్ధతి లేనిచో దుకాణాలు మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే ఖాళీ అవుతాయి. సగం దుకాణాలు ఖాళీ అయిన మాల్‌కు ఉన్న సందర్శకులు కూడా రారు.

ఉపాధి విషయంలో కూడా ఇదే పరిస్థితి. నిర్మాణ కాలంలో కల్పించే పని తాత్కాలికం. తరువాత లభించే ఉద్యోగాలలో అధిక భాగం పార్ట్‌టైమ్, సీజను ఉద్యోగాలు. విక్రయాల లాభం కంపెనీ కేంద్ర కార్యాలయానికి చేరుతుంది. అమ్మే సరుకు స్థానికంగా తయారైనదైతేనే ఖర్చయిన రూపాయి ఆ ప్రాంతంలో తిరుగుతుంది.

ఆంధ్ర తీరానికి అన్వయం

ఈ చివరి అంశం ఆంధ్ర తీరానికి ప్రత్యేకంగా వర్తిస్తున్నది. 2023–24 కేంద్ర బడ్జెట్‌లో ప్రతి రాష్ట్రంలో ఒక యూనిటీ మాల్ నెలకొల్పుటకు ప్రోత్సాహం ప్రకటించడం జరిగినది. ఒక జిల్లా ఒక ఉత్పత్తి పథకం క్రింద గల వస్తువులు, భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తులు, హస్తకళా వస్తువులు, ఇతర రాష్ట్రాల ఇటువంటి ఉత్పత్తులు ఒకేచోట విక్రయించుట దీని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు విశాఖపట్నం ఎంపికైనది. ఇది విదేశీ పద్ధతిలోని అవుట్‌లెట్ మాల్ కాదు. కాని ఉత్పత్తిదారుడు దళారీ లేకుండా యాత్రికునికి అమ్ముట అనే మూలసూత్రం రెండింటిలో ఒక్కటే.

మన తీరం వెంబడి సరుకుకు కొరత లేదు. పొందూరు ఖద్దరు, ఉప్పాడ జామ్‌దానీ, పెడన, మచిలీపట్నాల కలంకారీ, చీరాల చేనేత, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, ఆత్రేయపురం పూతరేకులు ఇందుకు నిదర్శనాలు. లోపించినది మార్కెట్. మగ్గం మీద నేసిన చీర సంఘం గోదాములో నెలల తరబడి నిలిచినప్పుడు నేతగానికి మజూరీ ఆలస్యమవుతుంది. మాస్టర్ వీవర్ వద్ద తీసుకున్న బాకీ పెరుగుతుంది. నిల్వ సరుకు విక్రయమునకే పుట్టిన అవుట్‌లెట్ పద్ధతి ఈ సమస్యకు తగిన మందే. అయితే తగ్గింపు భారం ఎవరిపై పడుతున్నదన్నది ముఖ్యం. కంపెనీ తగ్గించే ధర దాని లాభంలో నుండి పోతుంది. నేతగాడు తగ్గించే ధర అతని మజూరీలో నుండి పోతుంది. కావున రిబేటు మొత్తం సంఘాలకు సకాలంలో చేరని పక్షంలో మాల్‌లో అమ్మకాలు పెరిగినా మగ్గం వద్ద ప్రయోజనం శూన్యం.

మరొక అంశం నకిలీ సరుకు. మరమగ్గంపై నేసిన బట్టను చేనేతగా అమ్ముట కొత్త విషయం కాదు. కొన్ని రకాలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం 1985లో వచ్చినది. చేనేత గుర్తు 2006లో అమలులోకి వచ్చినది. అవుట్‌లెట్ల కొరకు నాణ్యత తగ్గించిన సరుకు అమెరికాలో తెచ్చిన అపనమ్మకం ఇచ్చట నకిలీ చేనేత రూపంలో రాగలదు. తనిఖీ లేని మాల్ నిజమైన నేతగానికి మరొక పోటీదారును తయారు చేయగలదు.

స్థలం విషయానికి వచ్చినచో, కోల్‌కతా – చెన్నై జాతీయ రహదారి 16 తీరానికి కొంత ఎడంగా సాగుతున్నది. కత్తిపూడి నుండి కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు జాతీయ రహదారి తీర పట్టణాలను కలుపుతున్నది. వారాంతాలలో హైదరాబాదు, విజయవాడ, గుంటూరుల నుండి సూర్యలంక, వాడరేవు తీరాలకు వచ్చే కుటుంబాలు ఇప్పటికే కలవు. చీరాల, బాపట్లలకు ప్రధాన రైలు మార్గం కలదు. ఈ దృష్ట్యా ఇవి ఫ్లీట్‌వుడ్ వలె దారి ముగిసే ఊళ్లు కావు. అయితే శని, ఆదివారాల సందర్శకులు పెద్ద మాల్‌ను పోషించగలరని భావించుట తొందరపాటు. ఇరవై ముప్పై దుకాణాలతో ఆరంభించి, గిరాకీని బట్టి విస్తరించుట క్షేమకరం.

తీరంలో నిర్మాణానికి ప్రకృతి, చట్టం రెండూ హద్దులు విధిస్తున్నవి. 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం తక్కువ జనసాంద్రత గల గ్రామీణ తీరంలో ఆటుపోటు గరిష్ఠ రేఖ నుండి 200 మీటర్ల వరకు, అధిక జనసాంద్రత గల గ్రామీణ తీరంలో 50 మీటర్ల వరకు నిర్మాణాలకు అనుమతి లేదు. 1977 దివిసీమ ఉప్పెన, 2004 సునామీ, 2014 హుద్‌హుద్ తుపాను ఈ తీరవాసులకు మరపురానివి. సముద్రం కనబడే మాల్ కంటె రహదారి ప్రక్కన, ఎత్తైన స్థలంలో గల మాల్ మేలైనది.

పరిగణించవలసిన అంశాలు

పై అనుభవాలను బట్టి ఏ తీర ప్రాంతంలోనైనా ఇటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ క్రింది అంశాలను ముందుగా పరిశీలించుట అవసరం.

1. మాల్ లేకుండానే ఆ స్థలానికి ఏటా ఎందరు వస్తున్నారు? ఏ నెలలలో వస్తున్నారు? ఈ లెక్క లేని అంచనాలకు విలువ లేదు.

2. ప్రక్కనే పెద్ద నగరం లేదా నిత్య రద్దీ గల రహదారి, రైలు మార్గం కలదా?

3. అద్దెలో విక్రయ వాటా పద్ధతి ఉన్నదా? స్థానిక ఉత్పత్తిదారులకు, మహిళా సంఘాలకు ప్రత్యేకించిన దుకాణాలు ఎన్ని?

4. ప్రభుత్వ భూమి ఇచ్చినచో, నిర్ణీత కాలంలో నిర్మాణం, ఉపాధి లక్ష్యాలు నెరవేరని పక్షంలో తిరిగి స్వాధీనం చేసుకొనే షరతు ఒప్పందంలో ఉన్నదా?

5. పట్టణంలోని ప్రస్తుత బట్టల బజారుపై ప్రభావం ఎంత? చీరాల వంటి చోట ఆ బజారే వేలాది కుటుంబాలకు ఆధారం. పాత బజారును మూయించి తెరిచే మాల్ వలన పట్టణానికి కలిగే నికర లాభం స్వల్పం.

6. స్థానికులకు లభించే ఉద్యోగాలు ఏ కాలానికి చెందినవి? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. వేసవి సెలవుల రద్దీ కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. మత్స్యకార కుటుంబాలకు ఆదాయం లేని ఆ రెండు నెలలలో సీజను ఉద్యోగాలు, ఆహారశాలలు, ఎండుచేపల విక్రయ కేంద్రాలు వారికే దక్కేటట్లు ఏర్పాటు చేసినచో, సీజను అనే లోపమే వారికి ఆసరా కాగలదు.

వెనుకబడిన తీర ప్రాంతంలో అవుట్‌లెట్ మాల్ విజయం సాధించుట అసాధ్యం కాదు. గన్‌వార్ఫ్ అందుకు సాక్ష్యం. అయితే మాల్ విజయం వేరు, పట్టణం విజయం వేరు. అట్లాంటిక్ సిటీలో మొదటిది కొంత సాధ్యమైనది, రెండవది కాలేదు. దుకాణంలో అమ్ముడైన సరుకు ఆ తీరంలోని చేతులు తయారు చేసినదై, దాని వెల ఆ చేతులకే చేరినప్పుడు మాత్రమే రెండు విజయాలు ఒకటి కాగలవు. విశాఖపట్నం యూనిటీ మాల్‌ను గాని, భవిష్యత్తులో ఇతర తీర పట్టణాలలో రాగల సముదాయాలను గాని ఈ కొలబద్దతోనే పరిశీలించుట సముచితం.